వాటర్ డ్రాగన్‌ల జంట నుంచి పిల్లలను పొందడం ఎలా

ఆకుపచ్చ వాటర్ డ్రాగన్‌లను కొన్నేళ్లుగా పెంచుతున్నవారికి వాటి పిల్లలను కూడా చూడాలన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగదాన్నీ ఆడదాన్నీ ఒకేచోట ఉంచితే అవి జత కట్టడం చాలావరకు దానంతట అదే జరిగిపోతుంది. మీ శ్రమ అన్నిటికంటే తక్కువ పట్టే ఘట్టం కూడా అదే. అసలు పనంతా దానికి ముందు కొన్ని నెలల పాటు ఆడదాని శరీరాన్ని సిద్ధం చేయడంలో, తరువాత అది నమ్మి గుడ్లు పెట్టగలిగే మట్టిని అమర్చడంలో, ఆపైన పుట్టిన పిల్లలన్నిటికీ చోటు చూపడంలో ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో జత కట్టే సంగతి కొద్ది వాక్యాల్లో ముగిసిపోతుంది, గుడ్లు పెట్టే పెట్టె గురించి మాత్రం కాస్త విసుగు కలిగించేంత వివరంగా చెబుతాను.

ఇక్కడ చెప్పేదంతా చైనీస్ వాటర్ డ్రాగన్ అని కూడా పిలిచే ఫిసిగ్నాథస్ కోకిన్‌సినస్ జాతికి సంబంధించినది. దక్షిణ చైనా, వియత్నాం, లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్ అడవుల్లో వాగుల మీదికి వంగిన కొమ్మలపై బతికే ఈ బల్లిని 1829లో ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త కువియే శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇది తొండల కుటుంబానికి చెందినది కాబట్టి తల ఎగరేసే తీరులో ఆ చుట్టరికం స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియన్ వాటర్ డ్రాగన్ అనే ఇంటెల్లాగామా లెసూరీ పేరులో మాత్రమే దీనికి దగ్గర. చలి ప్రాంతాల్లో అది శీతకాలమంతా కదలక మెదలక గడుపుతుంది, దాని గుడ్లలోంచి వచ్చేది ఆడపిల్లా మగపిల్లా అన్నది పొదిగే ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. దాని కోసం రాసిన సూచనలను ఆకుపచ్చ జాతికి వాడితే నష్టపోతారు.

ముందుగా తేల్చుకోవలసిన రెండు విషయాలు

మొదటిది చట్టం. అడవుల నుంచి విపరీతంగా పట్టుకుపోవడం వల్ల ఈ జాతి ముప్పు ఎదుర్కొంటున్న జాతుల జాబితాలో చేరింది. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సమావేశంలో దీన్ని, అనుమతి పత్రాలతోనే దేశాలు దాటించగల జాతుల జాబితా అయిన రెండో అనుబంధంలో చేర్చారు, ఆ నిర్ణయం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి మీ జంట ఎక్కడి నుంచి వచ్చిందో చూపే పత్రాలు మీ దగ్గర ఉండాలి. మీరున్న చోట ఈ జంతువును పెంచడానికి, పిల్లలు చేయించడానికి, వాటిని ఇతరులకు ఇవ్వడానికి వేరువేరు అనుమతులు అవసరమేమో ముందే విచారించుకోండి. అడవిలో పట్టినవాటిని ఈ పనికి ఎంచుకోకండి. వాటిలో పరాన్నజీవుల బెడద ఎక్కువగా ఉంటుంది, బందీగా బతకడానికి అవి సులభంగా అలవాటు పడవు.

రెండోది చోటు. ఒక ఆడది ఒక విడతలో సాధారణంగా 8 నుంచి 12 గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి 15 దాకా కూడా పెట్టవచ్చు. ప్రతి పిల్లా 60 నుంచి 90 సెంటీమీటర్ల పొడవు పెరిగి, పది పదిహేనేళ్లు బతికే జంతువు అవుతుంది. ఎదిగిన మగవాటిని రెండింటిని కలిపి ఉంచడం కుదరదు. పిల్లలను తీసుకునేవారి పేర్లు కాగితం మీద రాయలేకపోతే జంటను ఆ ఏడాదికి విడిగా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. అనుకోకుండా గుడ్లు పెట్టేస్తే, వాటిని పొదిగించే ఉద్దేశం లేనప్పుడు, పెట్టిన రోజే ఫ్రీజర్‌లో ఉంచి పారవేయడం బాధ్యతగల పెంపకందారులు పాటించే పద్ధతి. పిండం ఎదగడం మొదలయ్యాక ఆ నిర్ణయం తీసుకోవడం కంటే ఇది మేలు.

జంటను ఎంచుకోవడం

ఏడాది లోపు పిల్లల్లో ఆడ మగ తేడాను కచ్చితంగా చెప్పడం కష్టం. ఎదిగిన మగదానికి తల పెద్దదిగా, దవడలు ఉబ్బి ఉంటాయి. మెడ మీద, వీపు మీద, తోక మొదట్లో ఉండే ముళ్ల వరుస ఎత్తుగా, విడివిడిగా కనిపిస్తుంది. ఆడదాని తల సన్నగా కోసుగా ఉంటుంది, ముళ్ల వరుస పొట్టిగా ఉంటుంది. తొడల అడుగున ఉండే రంధ్రాలు రెండింటికీ ఉంటాయి కాని మగదానిలో అవి పెద్దవిగా, మైనం లాంటి పదార్థంతో నిండి కనిపిస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బలమైన మగదాని నీడలో పెరిగిన చిన్న మగది చాలాకాలం ఆడదానిలాగే కనబడుతుంది. రెండు ఆడవనుకున్న జంట ఒక రోజు రక్తాలు కారేలా కొట్టుకున్న తరువాత గాని అసలు విషయం బయటపడదు.

ఆడది రెండేళ్లకే గుడ్లు పెట్టే స్థితికి వచ్చినా, దాని ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి మూడేళ్లు నిండేదాకా ఆగండి. తోక మొదలు గుండ్రంగా కండపట్టి ఉండాలి. తుంటి ఎముకలు పొడుచుకుని కనిపించే ఆడదాన్ని జతకు పెట్టకూడదు, అలాగని కొవ్వు పట్టి కదలలేని దాన్ని పెట్టినా గుడ్లు బయటికి రావడం కష్టమవుతుంది. ఒకప్పుడు కాల్షియం లోపంతో దవడ మెత్తబడిన, కాళ్లు వంకరపోయిన ఆడదాన్ని అది ఇప్పుడు ఎంత హుషారుగా ఉన్నా ఈ పనికి వాడవద్దు, ఎందుకంటే కటి ఎముకలు వంకరగా ఉంటే గుడ్డు మధ్యదారిలో ఇరుక్కుంటుంది. ఒకే తల్లి పిల్లలను జత చేయవద్దు. బయటి నుంచి తెచ్చిన జంతువును కనీసం మూడు నెలలు వేరే గదిలో ఉంచి, సరీసృపాలను చూసే పశువైద్యుడి చేత దాని మలాన్ని పరీక్ష చేయించిన తరువాతే రెండోదాని దగ్గరికి తీసుకురండి.

ఆవాసం

ఎదిగిన జంటకు 180 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల ఎత్తు గల ఆవాసం కావాలి. ఇవి నేల మీద కంటే కొమ్మల మీద ఎక్కువగా ఉంటాయి, భయపడగానే దూకుతాయి, అందువల్ల ఎత్తు, పొడవు రెండూ ముఖ్యమే. వాటర్ డ్రాగన్‌కు గాజు అడ్డుగోడలా అర్థం కాదు. కనిపిస్తున్న వైపు వెళ్లాలని పదే పదే మూతిని గాజుకు రుద్ది, పొడిచి, చివరికి మూతి చర్మం, ఎముక కూడా దెబ్బతినేలా చేసుకుంటుంది. కాబట్టి మూడు పక్కలనూ బయట నుంచి కాగితంతో గాని రంగుతో గాని మూసివేయండి, ముందువైపు అడుగున ఒక జానెడు ఎత్తు వరకూ పట్టీ అతికించండి, లోపల ఆకులు దట్టంగా ఉండే మొక్కలతో దాగే చోట్లు కల్పించండి. గుడ్లు మోస్తున్న ఆడది చోటు వెతుకుతూ తిరుగుతుంది కాబట్టి మూతి గాయాలు ఆ రోజుల్లోనే ఎక్కువవుతాయి.

పగటివేళ ఆవాసంలో 27 నుంచి 30 డిగ్రీలు, ఎండకాచుకునే కొమ్మ దగ్గర 32 నుంచి 35 డిగ్రీలు, రాత్రి 22 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూగా ఉంచండి. తేమ ఉండాలి గాని గాలి ఆడకుండా ముక్కిపోకూడదు. యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలనిచ్చే ట్యూబును ఎండకాచుకునే కొమ్మ పైనే అమర్చండి, దీపానికీ జంతువుకూ మధ్య గాజు గాని ప్లాస్టిక్ గాని ఉంటే ఆ కిరణాలు లోపలికి రావు, సన్నటి ఇనుప జాలీ కూడా వాటిని కొంత తగ్గిస్తుంది. ట్యూబు వెలుగుతూనే ఉన్నా దాని యూవీబీ కాలంతో పాటు తగ్గిపోతుంది కనుక తయారీదారు చెప్పిన గడువుకు, లేదా ఏడాదికి ఒకసారి మార్చండి. శరీరం విటమిన్ డి3ని తయారు చేసుకోవడానికి ఈ కిరణాలే ఆధారం, డి3 లేనిదే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. పది గుడ్లకు పెంకు కట్టవలసిన ఆడదాని విషయంలో ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

జంతువు ఒళ్లంతా తడిసేలా మునగడానికి, తిరిగి సులువుగా ఎక్కి రావడానికి వీలైన నీటి తొట్టె తప్పనిసరి. ఇవి నీళ్లలోనే మలవిసర్జన చేస్తాయి కాబట్టి ఆ నీటిని రోజూ మార్చవలసిందే.

ఆహారంతో ఆడదాన్ని సిద్ధం చేయడం

జత కట్టించడానికి కనీసం మూడు నెలల ముందు నుంచి ఆహారం మీద దృష్టి పెట్టండి. కీచురాళ్లు, మిడతలు, పెంపకపు బొద్దింకలు, పట్టుపురుగులు, వానపాములు మార్చి మార్చి ఇవ్వాలి. పెంచిన పురుగుల్లో చాలావాటికి ఒక లోపం ఉంది, వాటిలో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. అందుచేత పురుగులను వేయడానికి ఒక రోజు ముందు వాటికి ఆకుకూరలు, గుమ్మడి లాంటివి కడుపునిండా తినిపించండి, వేసే ముందు కాల్షియం పొడిలో దొర్లించండి. యూవీబీ సరిగా ఉన్న చోట డి3 లేని కాల్షియం పొడిని తరచుగా, డి3తో సహా ఇతర విటమిన్లు కలిసిన పొడిని వారానికి ఒకసారి మించకుండా వాడితే సరిపోతుంది. విటమిన్లు ఎక్కువైతే అదీ హాని చేస్తుంది. ఎలుక పిల్లలను తరచుగా పెట్టి త్వరగా బలం పట్టించాలని చూడకండి. పట్టేది బలం కాదు, కొవ్వు.

ప్రతి ఆదివారం ఆడదాన్ని తూచి ఒక పుస్తకంలో రాసుకోండి. ముందు ముందు గుడ్లు ఉన్నాయా లేవా, పెట్టేసిందా లేదా అన్న సందేహం వచ్చినప్పుడు ఈ పుస్తకంలోని అంకెలే మీకు దారి చూపుతాయి.

కొద్దిపాటి చల్లదనం, తరువాత జత

అడవిలో రుతువు మారడమే వీటికి సంకేతం. దాన్ని అనుకరించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు దీపాలు వెలిగే సమయాన్ని 13 గంటల నుంచి క్రమంగా 10, 11 గంటలకు తగ్గించండి, రాత్రి ఉష్ణోగ్రతను 20, 21 డిగ్రీల వరకు దిగనివ్వండి, ఆహారాన్ని కొంచెం తగ్గించండి. పగలు ఎండకాచుకునే చోటు మాత్రం ఉండాలి, లేకపోతే తిన్నది అరగదు. ఇది నిద్రపుచ్చడం కాదు. ఈ జాతి చలినిద్ర పోదు. నీరసంగా ఉన్నదాన్ని, ఇటీవలే జబ్బుపడి లేచినదాన్ని ఈ దశలో పెట్టకండి. తరువాత రెండు వారాల్లో వెలుగును, వేడిని, తేమను మళ్లీ పెంచి, ఆహారం ధారాళంగా ఇస్తే చాలు. ఈ చల్లదనం ఏమీ లేకుండానే గుడ్లు పెట్టే జంటలు చాలా ఉన్నాయి. అయినా అందరూ ఒకేసారి సిద్ధం కావడానికీ, ఆడదానికి ఏడాదిలో కొంత విరామం దొరకడానికీ ఇది పనికొస్తుందని నేను దీన్ని వదిలిపెట్టను.

జంటను విడిగా ఉంచితే ఇప్పుడు ఆడదాన్ని మగదాని ఆవాసంలోకి వదలండి. మగది తల ఎగరేస్తూ, ముందుకాళ్ల మీద లేస్తూ దగ్గరికి వస్తుంది. ఆడది ఒక ముందుకాలిని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ జవాబిస్తుంది. తరువాత మగది దాని మెడ మీది ముళ్ల వరుసను నోటితో పట్టుకుంటుంది. చూడటానికి ఇది మొరటుగానే ఉంటుంది, కాని చర్మం చిట్లి రక్తం వస్తున్నా, ఆడది తిండి మానేసి మూలన దాక్కుంటున్నా వెంటనే విడదీయాలి. రెండు మూడు సార్లు జత కట్టడం చూశాక మగదాన్ని వేరు చేయడం మంచిది, ఎందుకంటే దానికి విరామం తెలియదు. ఆడది వీర్యాన్ని శరీరంలో నిలవ ఉంచుకోగలదు కనుక మగది పక్కన లేకపోయినా రెండో విడత గుడ్లు కూడా ఫలించవచ్చు.

మగదే లేని ఇంట్లోనూ ఆడది గుడ్లు పెడుతుంది. అవి దాదాపు ఎప్పుడూ వట్టి గుడ్లే. దాదాపు అని ఎందుకు అంటున్నానంటే, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో మగదానితో ఎన్నడూ కలవని ఆడది పెట్టిన గుడ్డు నుంచి 2016లో పిల్ల పుట్టింది, జన్యు పరీక్షలతో నిర్ధారించిన ఆ వివరాలు 2019లో ప్రచురితమయ్యాయి. కనుక పొదిగించే ఉద్దేశం ఉంటే ఏ గుడ్డునైనా వెలుగులో చూశాకే పారవేయండి.

గుడ్లు పెట్టే పెట్టె

జత కట్టిన దగ్గర నుంచి గుడ్లు పెట్టేదాకా సుమారు రెండు నెలలు పడుతుంది. మొదట ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, ఆడది ఎక్కువసేపు ఎండకాచుకుంటుంది. తరువాత పొట్ట పక్కల్లో గోళీల్లాంటి ఉబ్బులు కనిపిస్తాయి. చివరి వారం, పది రోజుల్లో తిండి తగ్గించేసి, నేల మీదికి దిగి, మూలలు గోకుతూ తిరుగుతుంది. ఆ గోకుడు మొదలైన తరువాత పెట్టె కోసం వెతకడం ఆలస్యమే అవుతుంది, అందువల్ల జత కట్టిన మూడో వారానికల్లా పెట్టెను ఆవాసంలో పెట్టేయండి, ఆడది దానికి అలవాటు పడుతుంది.

పెట్టె కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు ఉండాలి. లోపల మట్టి 25 నుంచి 30 సెంటీమీటర్ల మందాన ఉండాలి. పది సెంటీమీటర్ల మట్టి పోసిన పళ్లెంలో ఆడది గోకి గోకి అడుగు తగలగానే అది తగిన చోటు కాదని వదిలేస్తుంది. ఎరువులు, పురుగుమందులు కలవని మట్టిని కడిగిన ఇసుకతో సగం సగం కలపండి, కొంత కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపినా మంచిదే. తడిని చూసుకోవడానికి ఒక పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కండి. పిడికిలి విప్పినప్పుడు ముద్ద విరగకుండా నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. ఆపైన మీ చేత్తోనే పక్కవాటుగా ఒక సొరంగం తవ్వి చూడండి. అది కూలిపోతే ఆడది తవ్వినప్పుడూ కూలిపోతుంది, మట్టి పాలు పెంచి మళ్లీ కలపండి.

మట్టి లోపలి వేడి 27 నుంచి 29 డిగ్రీలు ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. పైన గాలి వెచ్చగా ఉన్నా నేల మీద పెట్టిన తడి మట్టి చల్లగానే ఉండిపోతుంది, ఆడది ముక్కుతో, కాళ్లతో దాన్ని పరీక్షించి వెనక్కి వెళ్లిపోతుంది. పెట్టె పక్కగోడకు బయటి వైపు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ గల వేడి పలకను అమర్చి, ధర్మామీటరును మట్టిలో గుచ్చి రెండు రోజులు గమనించండి. పలకను అడుగున పెడితే అడుగు మట్టి ఎండి గట్టిపడిపోతుంది. పెట్టె మీద సగం మూత వేసి, ఒక వైపు దూరే దారి ఉంచి, మనుషుల కంటపడకుండా ఆకులతో కప్పండి.

తవ్వడం మొదలైందంటే ఆ గదిలో మీ తిరుగుడు తగ్గించండి. ఒకటి రెండు గుంతలు తవ్వి వదిలేయడం సహజమే. తవ్వుతున్నదాన్ని పట్టి చూడటం, ఫొటోల కోసం మూత తీయడం వల్ల అది పని ఆపేసి గుడ్లను కడుపులోనే బిగబట్టుకునే అవకాశం ఉంది. తగిన చోటు దొరకని ఆడది ఒక్కోసారి నీటి తొట్టెలోనే గుడ్లు వదిలేస్తుంది. నీళ్లలో ఎక్కువసేపు ఉన్న గుడ్లు బతకవు.

నాలుగైదు రోజులుగా తవ్వుతూ గుడ్లు పెట్టకపోయినా, తవ్వడం ఆపి కళ్లు లోతుకుపోయి నీరసంగా పడి ఉన్నా, కాళ్లు వణుకుతున్నా, కొన్ని గుడ్లు పెట్టి మిగతావి పొట్టలో తగులుతున్నా, అది గుడ్లు బయటికి రాని ప్రమాదకరమైన స్థితి. అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. ఎక్స్‌రేలో లేదా స్కానింగులో చూసి, కాల్షియం, హార్మోను సూదులు పనిచేస్తాయా, శస్త్రచికిత్స కావాలా అన్నది వారు నిర్ణయిస్తారు. పొట్టను చేత్తో నొక్కి గుడ్డును బయటికి తోయాలని ఎప్పుడూ ప్రయత్నించకండి, లోపల గుడ్డు పగిలితే జంతువు దక్కదు. ఈ స్థితి ఎక్కువగా ఎదురయ్యేది కాల్షియం చాలని, నీళ్లు సరిగా తాగని, లేదా పెట్టె నచ్చని ఆడవాటిలోనే.

గుడ్లు పెట్టి గుంతను పూడ్చి, తలతో మట్టిని అదిమి, ఆడది బయటికి వస్తుంది. చర్మం వదులుగా, పక్కటెముకలు కనబడేలా ఉంటుంది. ముందు గోరువెచ్చని నీళ్లు, తరువాత వానపాములు, కాల్షియం అద్దిన పురుగులు ఇవ్వండి. పాత బరువు తిరిగి వచ్చేదాకా మగదాన్ని దగ్గరికి రానివ్వకండి. ఏడాదికి ఒక విడతతో ఆగితే ఆ ఆడది ఎక్కువకాలం బతుకుతుంది. నిలవ ఉన్న వీర్యంతో అది తనంతట తానే రెండోసారి పెట్టినా, ఆ తరువాత మాత్రం విశ్రాంతి తప్పదు.

గుడ్లు తీయడం, పొదిగించడం

ఇంక్యుబేటర్‌ను గుడ్లు పెట్టడానికి వారం ముందే నడిపించి, ఉష్ణోగ్రత నిలకడగా ఉందో లేదో రెండు ధర్మామీటర్లతో చూసుకోవాలి. గుడ్లు చేతిలో పట్టుకుని థర్మోస్టాట్ తిప్పుకుంటూ కూర్చునే పరిస్థితి రాకూడదు.

గుడ్లు పెట్టిన కొన్ని గంటల్లోపే వేళ్లతో మట్టిని మెల్లగా తొలగించి వాటిని తీయండి. తెల్లగా, తోలులాంటి మెత్తటి పెంకుతో, రెండున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ పొడవుగా ఉంటాయి. తీసే ముందే పైవైపున మెత్తటి పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ గుర్తు ఎప్పుడూ పైకే ఉండేలా అమర్చండి. కోడిగుడ్లను తిప్పుతున్నట్లు వీటిని తిప్పకూడదు, పిండం పెంకు లోపలి పొరకు అంటుకున్న తరువాత గుడ్డు దొర్లితే అది చనిపోతుంది. రెండు గుడ్లు అతుక్కుని ఉంటే విడదీయకుండా అలాగే ఉంచేయండి.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, తేమను పట్టి ఉంచే తేలికపాటి ఖనిజమైన వర్మిక్యులైట్‌ను బరువుకు సమానంగా నీళ్లు కలిపి, అంటే 100 గ్రాములకు 100 గ్రాముల నీరు చొప్పున, ఐదారు సెంటీమీటర్ల మందాన పరచండి. గుడ్లను సగం లోతు దాకా అందులో కూర్చోబెట్టండి, మధ్య వేలెడు ఖాళీ ఉంచండి. డబ్బా పక్కల్లో రెండు మూడు సన్నటి రంధ్రాలు చాలు. మూత వేశాక డబ్బా మొత్తాన్ని తూచి ఆ బరువును మూత మీద రాయండి. వారానికి ఒకసారి మూత తీసి గాలి మార్చేటప్పుడు మళ్లీ తూస్తే, తగ్గినంత బరువు నీళ్లు ఆవిరైపోయాయని తెలుస్తుంది. మొదట్లో ఆ లోటును అదే ఉష్ణోగ్రతలో ఉన్న నీటితో, గుడ్ల మీద పడకుండా అంచుల వెంట పోయండి. గుడ్లు తేమను పీల్చి పెద్దవి అవుతాయి గాని డబ్బాలో మొత్తం బరువు మాత్రం ఆవిరైన నీటి మేరకే మారుతుంది, అందుకే తడి ఉందో లేదో వేలితో ముట్టి ఊహించడం కంటే తూకం ఎంతో నమ్మదగినది.

ఉష్ణోగ్రత 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి, నేనైతే 29 దగ్గర నిలుపుతాను. ఒకటి రెండు డిగ్రీలు కొంతసేపు తగ్గితే పిల్ల ఆలస్యంగా వస్తుందంతే. 32 దాటి ఎక్కువసేపు ఉంటే చనిపోవచ్చు, లేదా వంకరలతో పుట్టవచ్చు. కరెంటు పోయినప్పుడు కంగారుపడి వేడినీళ్ల సీసాలు డబ్బాకు ఆనించడం కన్నా, ఇంక్యుబేటర్ తలుపు తీయకుండా పైన దుప్పటి కప్పి ఉంచడం క్షేమం.

పదో రోజు ప్రాంతంలో చీకటి గదిలో చిన్న టార్చిని గుడ్డు పక్కన పెట్టి, గుడ్డును ఎత్తకుండా చూడండి. గులాబీ వెలుగులో ఎర్రటి సన్న నరాలు కనిపిస్తే లోపల ప్రాణం ఉన్నట్లే. పసుపుపచ్చగా ఉండి ఏమీ కనిపించనివి వట్టివై ఉండవచ్చు కాని ఇంకో రెండు వారాలు గడువు ఇవ్వండి. కుంగిపోయి, బూజు పట్టి, వాసన వచ్చేవాటిని తీసేయాలి. పైన కొద్దిగా బూజు కనిపించినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న గుడ్డును పారేయకండి, పొడి దూదితో తుడిస్తే చాలు. మధ్యకాలంలో గుడ్డు సొట్టపడితే తడి చాలడం లేదని అర్థం. ఆఖరి రోజుల్లో సొట్టపడటం, పెంకు మీద చెమటలాంటి చుక్కలు రావడం మాత్రం పిల్ల వచ్చే వేళ అయిందనడానికి గుర్తులు.

పిల్లలు వచ్చే రోజులు

సాధారణంగా 60 నుంచి 75 రోజుల మధ్య పిల్లలు పెంకును చీలుస్తాయి. తల బయటపెట్టి ఒక్కోసారి రోజంతా కదలకుండా ఉంటాయి, ఆ సమయంలో లోపల మిగిలిన పచ్చసొనను శరీరంలోకి పీల్చుకుంటూ ఉంటాయి. సాయం చేయాలన్న తొందరలో బయటికి లాగితే బొడ్డు దగ్గర రక్తం కారి పిల్ల పోతుంది. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవలసిన సమయం ఇది.

పెంకు వదిలిన పిల్లను సొన సంచి పూర్తిగా లోపలికి పోయేదాకా తడి కాగితపు తువ్వాలు పరిచిన డబ్బాలో, ఇంక్యుబేటర్ లోపలే ఒక రోజు ఉంచండి. ఆ తరువాత 60 సెంటీమీటర్ల పొడవు గల తొట్టెలో సన్నటి కొమ్మలు, ఆకులు, పాదం తడిసేంత లోతున్న నీటి పళ్లెం అమర్చండి. పిల్లలు నీటిలో దిగుతాయి కాని లోతు ఎక్కువై, ఎక్కడానికి రాయి లేకపోతే అలసి మునిగిపోతాయి. పగలు 27 నుంచి 29 డిగ్రీలు, ఎండకాచుకునే చోట 32 డిగ్రీలు, యూవీబీ దీపం మొదటి రోజు నుంచే ఉండాలి. ఆకుల మీద రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు చిలకరిస్తే వాటి మీది చుక్కలను నాకి తాగుతాయి. గాజు గోడలను బయటి నుంచి కాగితంతో మూయడం మాత్రం పెద్దవాటికంటే వీటికే ఎక్కువ అవసరం.

మొదటి రెండు నుంచి ఐదు రోజులు తినకపోయినా భయపడకండి, సొన బలం ఉంటుంది. తరువాత పిల్ల రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దవి కాని చిన్న కీచురాళ్లను, పండ్ల ఈగలను కాల్షియం అద్ది రోజుకు రెండుసార్లు వేయండి. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రికి తీసేయాలి, లేకపోతే నిద్రపోతున్న పిల్లల కాలివేళ్లు కొరుకుతాయి.

పిల్లలను ఒకేచోట పెంచినప్పుడు కొద్ది రోజుల్లోనే పెత్తనం మొదలవుతుంది. కొట్లాట కనిపించకపోవచ్చు, పెద్దది వేడి కొమ్మను ఆక్రమించుకుంటే, చిన్నది అడుగున ముదురు రంగులో ముడుచుకుని ఉండిపోతుంది, తిండికి ముందుకు రాదు. వారం వారం తూచి, పెరగనిదాన్ని వేరే తొట్టెకు మార్చండి. తోక కొసలు, వేళ్లు ఊడిపోవడం చూసిన తరువాత మార్చడం అంటే చాలా ఆలస్యం చేసినట్లే. ఒక విడతకు కనీసం మూడు నాలుగు తొట్టెలు సిద్ధంగా ఉండాలి, మొదట్లో చోటు గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

పిల్లలను, తొట్టెలను ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. పైకి ఆరోగ్యంగా కనిపించే సరీసృపాలు కూడా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తాయి. తొట్టెలను వంట చేసే చోట కడగవద్దు, ఐదేళ్లలోపు పిల్లల చేతికి వీటిని ఇవ్వవద్దు.

పిల్ల కనీసం రెండు, మూడు నెలలు నిండి, ఆగకుండా బరువు పెరుగుతూ, రెండు మూడు రకాల పురుగులు తింటున్నదని రూఢి అయ్యాకే కొత్త యజమానికి అప్పగించండి. దానితో పాటు పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరం, ఇప్పటిదాకా తిన్న ఆహారం, వారాలవారీ బరువులు, చట్టరీత్యా కావలసిన పత్రాలు ఒక కవరులో పెట్టి ఇవ్వండి. జంట కావాలని అడిగేవారికి ఒకే విడతలోని రెండు పిల్లలను ఇవ్వకండి. ఒకదాన్ని మీరు ఇచ్చి, రెండోదాన్ని వేరే పెంపకందారు దగ్గర తెచ్చుకోమని చెప్పండి.